సిస్టరమ్మ జవాబులు: స్ట్రెచర్ మీదున్న మనిషికి సువార్త చెప్పొచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. మన విశ్వాసం గురించి నలుగురికీ ఎలా చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఎక్కడ ఊరుకోవాలి అని. ముందే చెబుతున్నాను, నేను పాస్టరమ్మను కాదు, బైబిల్ కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు. ప్రకాశం జిల్లాలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. కాబట్టి నా జవాబుల్లో వేదాంతం తక్కువ, డెట్టాల్ వాసన ఎక్కువ. సర్దుకోండి.

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. సర్జికల్ వార్డు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేముందు పేషెంట్లు టెన్షన్‌తో వణికిపోతుంటారు. చెయ్యి పట్టుకుని ప్రార్థన చెయ్యాలనిపిస్తుంది. మా సంఘంలో అక్కలు కూడా "అదే మంచి సమయం, మనసు మెత్తబడి ఉంటుంది, వదులుకోకు" అంటారు. మొన్న ఒకావిడ కోసం గట్టిగా ప్రార్థన చేస్తే వాళ్ళబ్బాయి మేనేజ్‌మెంట్‌కి కంప్లైంట్ చేశాడు. నాకు మెమో ఇచ్చారు. నేను చేసింది తప్పా సిస్టరమ్మా?

జవాబు: మెమో సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ముందు ఆవిడ వైపు నుంచి ఆలోచించు. రాత్రి నుంచి నోట్లో చుక్క నీళ్ళు లేవు. ఎనిమా అయింది. చీర విప్పించి, వెనక ముడులేసే గౌను తొడిగారు. గాజులూ కమ్మలూ తీసి కొడుకు చేతిలో పెట్టారు. చేతికి సెలైన్ సూది ఉంది. ఆ స్థితిలో యూనిఫాం వేసుకున్న మనిషి వచ్చి "ప్రార్థన చేస్తానమ్మా" అంటే ఆవిడ వద్దంటుందా? వద్దంటే ఈ సిస్టర్‌కి కోపమొస్తుందేమో, రేపు కట్టు మార్చేటప్పుడు విసురుగా లాగుతుందేమో అని భయం. అందుకని తల ఊపుతుంది. దాన్ని నువ్వు ఒప్పుకోవడం అనుకున్నావు.

వార్డులో ఉన్నన్నాళ్ళూ నేను ఒకటే చూసుకునేదాన్ని. నా మాట నచ్చకపోతే ఈ మనిషి లేచి వెళ్ళిపోగలదా? సర్జికల్ వార్డులో ఎవరూ లేచి వెళ్ళలేరు. మనసు మెత్తబడి ఉంటుందన్న అక్కల్ని, వాళ్ళెప్పుడైనా స్ట్రెచర్ మీద పడుకున్నారేమో అడుగు.

అలాగని నోటికి ప్లాస్టర్ వేసుకోమనడం లేదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక సీనియర్ సిస్టర్ ఉండేది. ఆపరేషన్ కేసుల్ని తయారు చేసేటప్పుడు తాయెత్తులు, మొలతాళ్ళు, చేతికి కట్టుకున్న ఎర్రదారాలు తియ్యాల్సి వస్తుంది కదా. చాలామంది కత్తెరతో పుటుక్కున కత్తిరించి చెత్త ట్రేలో పడేస్తారు. మనవాళ్ళలో కొందరైతే దానికి తోడు ముఖం కూడా చిట్లిస్తారు. ఆవిడ "తీస్తున్నాను పెద్దాయనా, వచ్చాక మళ్ళీ కట్టుకుందురు" అని చెప్పి ముడి విప్పేది. విప్పరాకపోతే అడిగి కత్తిరించేది. దూది చుట్టిన నీలం కాగితం ముక్కలో పొట్లం కట్టి, పైన పేరు, బెడ్ నంబరు రాసి, ఇంటివాళ్ళ చేతిలో పెట్టేది. తాళి తియ్యనని ఏడ్చేవాళ్ళకి తాళి మీద ప్లాస్టర్ చుట్టి, డాక్టరుగారికి తనే నచ్చజెప్పుకునేది.

చీరాల వైపు నుంచి హెర్నియాకి వచ్చిన ఒక ముసలాయన ఇదంతా చూసి అడిగాడు. "నువ్వు కిరస్తానపు మనిషివి గదమ్మా, నా ఆంజనేయస్వామి తాయెత్తుని అంత భద్రంగా చుట్టావేంది?" ఆవిడ "మీకు విలువైంది గదా, మీకు విలువైనదాన్ని తీసిపారెయ్యమని మా యేసయ్య చెప్పలేదు" అని, ట్రాలీ తోసుకుంటూ పక్క బెడ్డుకి వెళ్ళిపోయింది. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. డిశ్చార్జి రోజున ఆయనే పిలిచి "మీ యేసయ్య సంగతేందో చెప్పు" అని వరండా బల్ల మీద కూర్చోబెట్టాడు. అప్పటికి ఆయన పంచె కట్టుకుని, చెప్పులేసుకుని ఉన్నాడు. గేటు బయట రిక్షా ఆగి ఉంది. వినబుద్ధి కాకపోతే ఎక్కి పోయేవాడే. చాలాసేపే విన్నాడు. ఆ తర్వాత ఆయన ఏ దారిన వెళ్ళాడో నాకు తెలీదు. ఆవిడ కూడా ఎక్కడా సాక్ష్యంగా చెప్పుకోలేదు.

ఇక నీ విషయం. పేషెంటే "మా కోసం ప్రార్థన చెయ్యండి సిస్టర్" అని అడిగితే చెయ్యి. అడుగుతారు, హిందువులు అడుగుతారు, ముస్లింలూ అడుగుతారు. పక్కనున్న ఇంటివాళ్ళని కూడా ఒక మాట అడిగి, చిన్న గొంతుతో, నాలుగు ముక్కల్లో ముగించు. "యేసుని నమ్ముకుంటే జబ్బు పోతుంది" అని మాత్రం నర్సు నోటి వెంట రాకూడదు. అలాంటి మాట ఎవరో అన్నారని బీపీ మాత్రలు మానేసి, నోరు వంకరపోయి వచ్చినవాళ్ళకి నేను సేవ చేశాను. మనసులో చేసుకునే ప్రార్థనకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ట్రాలీ ఓటీ తలుపు దాటేదాకా చేసుకో.

పాతకాలం మిషన్ ఆసుపత్రుల్లో వార్డుల్లోనే వాక్యం చెప్పేవాళ్ళు కదా అంటావేమో. చెప్పేవాళ్ళు. ఆనా కుగ్లర్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి అది మిషన్ ఆసుపత్రి అని తెలుసు, తెలిసే వెళ్ళేవాళ్ళు. మీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఇన్సూరెన్స్ కార్డు చూసుకుని వస్తున్నారు. మెమోకి వాదన పెట్టుకోకు. "బంధువుల్ని అడగకుండా చేశాను, ఇకమీద పేషెంటు కోరితేనే చేస్తాను" అని రాసిచ్చి డ్యూటీకి వెళ్ళు.

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మేం హిందువులం. పక్క ఫ్లాట్ ఆంటీ ఇస్తే మీ పత్రిక చదువుతుంటాను. ఆంటీ చాలా మంచావిడ. నేను డెలివరీ అయి వచ్చినప్పుడు మా అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే, ఆంటీయే వెల్లుల్లి కారం, పథ్యం కూరలు వండి పంపింది. కానీ రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వాక్యం పంపుతుంది. వినాయకచవితికి మా పాప ఫోటో స్టేటస్ పెడితే, దానికి విగ్రహాల మీద వాక్యం రిప్లయ్ పెట్టింది. మా అత్తగారు మండిపడుతున్నారు. ఆంటీ మనసు కష్టపెట్టకుండా ఎలా చెప్పాలి?

జవాబు: నీ ఉత్తరం వేసినందుకు నాకు కొన్ని ఫోన్లు వస్తాయి. రానీలే అమ్మా.

వాట్సాప్‌లో పెట్టకు, బ్లాక్ చెయ్యకు. పాపని ఎత్తుకుని వాళ్ళింటికి వెళ్ళు. "ఆంటీ, మీరంటే మాకు చాలా ఇష్టం. మీరు పంపిన పథ్యం నేను మర్చిపోను. మెసేజ్‌లు మాత్రం పంపకండి, ఇంట్లో ఇబ్బందిగా ఉంది" అని సూటిగా చెప్పు. "ఎప్పుడైనా అడగాలనిపిస్తే మిమ్మల్నే అడుగుతాను" అని కూడా అనొచ్చు, నిజంగా నీ మనసులో ఉంటేనే. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుంటుంది. మంచావిడంటున్నావు కాబట్టి సర్దుకుంటుంది.

ఈ పత్రిక చదివే తక్కిన ఆంటీలతో ఒక మాట. ఆ పిల్ల ఉత్తరంలో వెల్లుల్లి కారం గుర్తుంది, మీరు పంపిన వాక్యాల్లో ఒక్కటి కూడా గుర్తులేదు. గులాబీ పువ్వు మీద అచ్చేసిన వాక్యం తెల్లారకముందే వందమందికి ఫార్వర్డ్ చేస్తే మనకి ఏదో పని చేసినట్టు ఉంటుంది, అవతలివాళ్ళకి ఫోన్ మెమరీ నిండుతుంది. ఇక పసిపిల్ల పండగ ఫోటో కింద విగ్రహాల వాక్యం పెట్టడం ఏం మర్యాద? పౌలు ఏథెన్సులో ఊరంతా విగ్రహాలు చూసి లోపల ఎంత బాధపడ్డా, నిలబడి మాట్లాడినప్పుడు వాళ్ళ భక్తిని ముందు గుర్తించాడు, వాళ్ళ కవుల మాటల్నే ఎత్తి చెప్పాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం ఇంకోసారి చదవండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టీమ్ లీడ్‌ని. నా పేరు చూస్తే క్రైస్తవుణ్ణని ఎవరికీ తెలియదు. నేనూ చెప్పలేదు. టీమ్‌మేట్స్ తిరుపతి వెళ్ళొచ్చి లడ్డు ఇస్తే తీసుకుని, డ్రాయర్‌లో పెట్టి, తర్వాత ఎవరూ చూడకుండా పారేస్తాను. అటు తినలేక, ఇటు చెప్పలేక గిల్టీగా ఉంటుంది. ఈ క్రిస్మస్‌కి ధైర్యం చేసి నా టీమ్ అందర్నీ మా చర్చి ప్రోగ్రామ్‌కి పిలుద్దామనుకుంటున్నాను. మీ సలహా?

జవాబు: నాయనా, ఆ లడ్డు పారెయ్యడం ముందు మానెయ్యి. గంటల తరబడి క్యూలో నిలబడి, గుండు చేయించుకొచ్చి, నీ వంతు ముక్క గుర్తుపెట్టుకుని తెచ్చాడు ఆ అబ్బాయి. డస్ట్‌బిన్‌లో చూశాడంటే నువ్వు ఆ తర్వాత ఏం చెప్పినా వాడి చెవికెక్కదు.

తినాలా వద్దా అన్నది కొరింథు సంఘం కాలం నుంచీ ఉన్న తగువు. మొదటి కొరింథీలో 8, 10 అధ్యాయాలు, రోమాలో 14వ అధ్యాయం దాని గురించే. మా ఇంట్లోనే తీర్పు రెండుగా ఉండేది. మావారు ముట్టుకునేవారు కాదు, నేను ప్రేమతో ఇచ్చింది గదా అని తినేస్తాను. నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే నవ్వుతూ చెప్పు. "నేను క్రిస్టియన్‌ని బ్రో, ప్రసాదం తీసుకోను. కానీ నన్ను గుర్తుపెట్టుకుని తెచ్చావు చూడు, థాంక్స్." ఇన్నేళ్ళుగా నీ గొంతులో అడ్డుపడింది ఆ రెండు ముక్కల్లో బయటికొచ్చేస్తుంది. సోమవారం పొద్దున "వీకెండ్ ఏం చేశావు" అని అడుగుతారు కదా, "చర్చికెళ్ళాం, తర్వాత బిర్యానీ తిన్నాం" అను. బిర్యానీ ఒక్కటే చెప్పి ఆపేస్తున్నావు చూడు, అక్కడే ఉంది చిక్కంతా.

ఇక క్రిస్మస్‌కి పిలవడం. వాళ్ళ అప్రైజల్ రాసేది నువ్వే కదా? అయితే పిలవకు. నువ్వు ఎంత మామూలుగా పిలిచినా, రాకపోతే రేటింగ్ తగ్గుతుందేమోనని ఒక్కడైనా వస్తాడు. పైన ఆ విజయవాడ అమ్మాయికి చెప్పింది నీకూ వర్తిస్తుంది, యూనిఫాం బదులు నీ మెడలో ఐడీ కార్డు ఉందంతే. పక్క టీమ్ వాళ్ళని పిలువు, కాలేజీ ఫ్రెండ్స్‌ని పిలువు, కావాలంటే మీ మేనేజర్ని పిలువు. "వచ్చి చూడు" అని నతనయేలుని పిలిచిన ఫిలిప్పు ఆయనకి జీతమిచ్చేవాడు కాదు. మీ టీమ్‌కైతే మీ ఇంట్లో చేసిన కేక్ తీసుకెళ్ళు. నీ లడ్డు బాకీ తీరిపోతుంది.

ప్రశ్న: నరసరావుపేట దగ్గర పల్లె మాది. మా చర్చి యూత్ ప్రతి క్రిస్మస్‌కి పేదలకి బియ్యం, దుప్పట్లు పంచి, వాక్యం చెబుతాం. పోయినసారి కొందరు కుర్రాళ్ళు వచ్చి "బియ్యానికి మతం మారుస్తున్నారు" అని గొడవ చేశారు. మాకు రాజ్యాంగం హక్కు ఇవ్వలేదా? ఇప్పుడు మానేస్తే భయపడ్డట్టు కాదా?

జవాబు: హక్కు ఉంది బాబూ. 25వ అధికరణం ఏ మతాన్నయినా అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి స్వేచ్ఛ ఇచ్చింది, శాంతిభద్రతలకి, నైతికతకి, ఆరోగ్యానికి లోబడి. అయితే 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో, ప్రచారం చేసుకునే హక్కు అంటే ఇంకొకర్ని మతం మార్చే హక్కు కాదని తేల్చింది. తిరుమల లాంటి చోట్ల వేరే మత ప్రచారం చెయ్యకూడదని మన రాష్ట్రంలో 2007లో చట్టం కూడా వచ్చింది. ఇవి తెలుసుకుని ఉండండి. కానీ మీ ఉత్తరంలో అసలు సంగతి చట్టం కాదు.

మా ఒంగోలు వైపు 1876-78లో ధాత కరువు పడింది. జనం ఆకులు, గడ్డలు తిని, రోడ్ల పక్కన పడి చచ్చిపోయిన కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరుకుతుందని. సంఘ బోధకులే మేస్త్రీలు. పార కిందపెట్టి కూర్చున్న వేళల్లో కూలీలకి యేసు గురించి చెప్పేవాళ్ళు. పల్లెలకి పల్లెలు బాప్తిస్మం ఇమ్మని వచ్చి నిలబడ్డాయి. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమోనన్న అనుమానం ఉన్నంతకాలం ఇవ్వనన్నాడు. సొంత బోధకులే బతిమాలినా వాయిదా వేశాడు. కరువు సాయం ఆగిపోయి, చేతిలో పంచడానికేమీ లేకుండా పోయాక అప్పుడు సరేనన్నాడు. 1878 జూలై 3న ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమైంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలోకి దిగి ఇచ్చారు.

ఆ 2,222 అంకె మన సభల్లో ప్రతి ప్రసంగీకుడూ చెబుతాడు. దానికి ముందు నెలల తరబడి "ఇప్పుడు కాదు" అని తిప్పి పంపిన సంగతి ఎవరూ ఎత్తరు. నాకైతే ఆ రెండోదే పెద్ద సంగతి అనిపిస్తుంది.

ఆ రోజుల్లో కూడా "కూటికోసం కలిశారు" అన్నవాళ్ళున్నారు. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని, గుడి మెట్లు ఎక్కనివ్వని మనుషుల్ని ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుంటే అటు వెళ్ళారు. దాన్ని నేను చిన్నబుచ్చను, ఆ వెళ్ళినవాళ్ళలో మా వాళ్ళూ ఉన్నారు. అసలు ఆ పల్లెల్లోకి మాట మోసినవాడు దొర కూడా కాదు. తాళ్లకొండపాడు మాదిగ, యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, వెళ్ళిన ఊరల్లా తన బంధువులకి చెప్పుకున్నాడు. పంచడానికి ఆయన దగ్గర బియ్యం లేవు.

మీరు మానొద్దు, విడగొట్టండి. పంచేచోట వాక్యం వద్దు, వాక్యం చెప్పేచోట పంచడం వద్దు. చలికి వణుకుతూ దుప్పటి కోసం లైన్లో నిలబడ్డ ముసలమ్మ మీ ప్రసంగం అయ్యేదాకా కదలలేదు, దుప్పటి పోతుంది కాబట్టి. మైకు, బ్యానరు, ముసలమ్మ చేతిలో దుప్పటి పెడుతూ తీసే ఫోటో, మూడూ తీసెయ్యండి. వీలైతే క్రిస్మస్‌కి కాకుండా జూన్‌లో బడులు తెరిచేటప్పుడు నోటుపుస్తకాలు ఇవ్వండి, ఎవరి పిల్లలని అడక్కుండా. గొడవకొచ్చిన కుర్రాళ్ళని కూడా "సంచులు మొయ్యడానికి రండి తమ్ముడూ" అని పిలవండి. కొందరు రారు. ఇద్దరొచ్చినా చాలు. చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం తిరిగి చెయ్యెత్తకుండా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి.

ప్రశ్న: మాది కరీంనగర్. లవ్ మ్యారేజ్. మావారు హిందువు. ఎవరి దేవుణ్ణి వాళ్ళం కొలుచుకుందామని పెళ్ళికి ముందే మాట్లాడుకున్నాం. నేను ఆదివారం చర్చికి పోతే అత్తమ్మ ఏమీ అనదు. బతుకమ్మ అప్పుడు మాత్రం పక్కన కూర్చుని పూలు పేర్చమంటది. మా పాస్టర్ గారేమో "నీ ఇంటివాళ్ళ రక్షణ నీ మీదే ఉంది, ఎన్నాళ్ళు ఊరుకుంటావు" అంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. అత్తమ్మకి ఎట్లా చెప్పాలి?

జవాబు: పాస్టర్ గారికి నా వందనాలు చెప్పు. రక్షించేవాడు దేవుడని ఆదివారం ఆదివారం వారే చెబుతారు కదా, ఆ భారం నీ నెత్తిన ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదని కూడా చెప్పు. నిద్రపో తల్లీ.

పెళ్ళికి ముందు ఒక మాట అనుకున్నారు. ఆయన నిలబెట్టుకుంటున్నాడు, అత్తమ్మ ఆ ఒప్పందంలో లేకపోయినా నిలబెడుతోంది. నువ్వు ఇప్పుడు దాన్ని తప్పితే, ఆ తర్వాత నువ్వు చెప్పే దేవుడి మాటని వాళ్ళు ఎందుకు నమ్మాలి? భర్త విశ్వాసంలో లేని ఆడవాళ్ళకి పేతురు ఏం రాశాడో చూడు, మొదటి పత్రిక 3వ అధ్యాయంలో. మాట లేకుండానే, నడవడి చాలన్నాడు. అదే అధ్యాయంలో, కొంచెం కిందకి వస్తే, అడిగినవాళ్ళకి సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంతో అన్నాడు. మనవాళ్ళు ఈ రెండోది బాగా కంఠస్థం చేస్తారు, అందులో "అడిగినవాళ్ళకి" అన్నది మింగేస్తారు.

బతుకమ్మ సంగతి. తంగేడు, గునుగు పూలు వరసగా పేర్చడంలో నీకు అభ్యంతరం లేకపోతే కూర్చుని పేర్చు. గౌరమ్మకి మొక్కడం నీ మనసుకి కష్టమైతే, "అత్తమ్మా, పూలు నేను పేరుస్తా, మొక్కుడు నాకు రాదు" అని ముందే చెప్పెయ్యి. పండగ రోజున పదిమంది ముందు ముఖం ముడుచుకుని నిలబడొద్దు. పక్కన కూర్చున్నప్పుడు ఆవిణ్ణి అడుగు, చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఎలా ఆడేవాళ్ళు, కష్టమొచ్చినప్పుడు ఎవరికి మొక్కుకుంది, ఏ మొక్కు తీరింది, ఏది తీరలేదు. కోడలు తన భక్తి గురించి అడగడం ఆవిడకి కొత్తగా ఉంటుంది. ఏదో ఒక రోజు ఆవిడే "మరి నువ్వు కళ్ళు మూసుకుని ఏమడుగుతావే" అంటుంది. అప్పుడు చెప్పు, దాచుకోకు. అనకపోతే, అనలేదు.

పిల్లలు పుట్టకముందే పేర్లు, బాప్తిస్మం, అన్నప్రాసన గురించి మీ ఆయనతో కూర్చుని మాట్లాడుకోండి. నా అనుభవంలో అసలు తగువులు అక్కడ మొదలవుతాయి, బతుకమ్మ దగ్గర కాదు.

ప్రశ్న: ఏలూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాల టీచర్ని. ఖాళీ పీరియడ్లో పిల్లలకి బైబిల్ కథలు చెప్పొచ్చా?

జవాబు: పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణం. మంచి సమరయుడి కథ పదిమంది కథలతో పాటు నీతికథగా చెబితే ఎవరూ కాదనరు. చివర్లో "అందరూ కళ్ళు మూసుకోండి" అన్నావంటే గీత దాటావు. నువ్వు వెళ్ళమనేదాకా బెంచీ మీంచి లేవలేని పిల్లలు వాళ్ళు. సండే స్కూల్లో పిల్లలు చాలక గోల పెడుతున్నారు, అక్కడ చెప్పు.

ప్రశ్న: మా చర్చి మైకు పొద్దున్నే 5 గంటలకి మొదలవుతుంది. పక్కింట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్లవాడున్నాడు. వాళ్ళు అడిగితే మా పెద్దలు "గుడివాళ్ళు పెట్టట్లేదా" అంటున్నారు.

జవాబు: రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయటికి లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, 2000 నాటి నిబంధనల్లోనే ఉంది. అందరికీ అదే. గుడివాళ్ళు పెడుతున్నారు, నిజమే. వాళ్ళకి జవాబిచ్చే కాలమ్ వేరే పత్రికలో ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, మాది కంభం దగ్గర పల్లె. నాకు చదువు రాదు, నా మనవడు రాస్తున్నాడు. మిరపకాయల కోతకి పోతాను. మా సంఘంలో చదువుకున్నోళ్ళు కరపత్రాలు పంచుతారు, మైకులో మాట్లాడతారు. అక్షరం ముక్క రానిదాన్ని నేనేం సువార్త చెప్పగలను?

జవాబు: అవ్వా, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది నీదే.

దోర్నకల్‌లో అజరయ్య అని బిషప్ గారుండేవారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, 1912లో అయ్యారు. ఆయన సంఘాల్లో చేరినవాళ్ళలో ఎక్కువమంది నీలాగే కూలికి పోయేవాళ్ళు, సంతకం చెయ్యడం రానివాళ్ళు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత, తల మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందినదాన్ని, సువార్త ప్రకటించకపోతే అయ్యో నాకు శ్రమ అని అనిపించేవారు. చదువొచ్చినవాళ్ళ చేత మాత్రమే కాదు, అందరి చేతా. ఆయన అలా చెయ్యడానికి కారణం ఉంది. పల్లెలో కూలి మనిషి మాట కూలి మనిషే వింటుంది. నేను తెల్ల చీర కట్టుకుని కారు దిగి మీ చేలోకొచ్చి మాట్లాడితే మర్యాదకి తలలూపుతారు, నేను పోయాక నవ్వుకుంటారు.

నువ్వు మునుంలో నడుం వంచి పక్కపక్కన కాయ కోస్తావు. నీ మొగుడు పోయినప్పుడు నువ్వెలా బతికావో, అప్పు ఎలా తీర్చావో, ఎవరితో తగువు పడ్డావో, తగువు పడినదానితో మళ్ళీ ఎలా కలిశావో ఆ మునుంలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. దాని మీద ఒక మాట, "ఆయన లేకపోతే నా వల్ల అయ్యేది కాదు" అని, నీ మాటల్లో చెప్పు చాలు. నచ్చనావిడ పాట ఎత్తుకుంటుంది, లేకపోతే రెండు సాళ్ళు దాటి ముందుకు పోతుంది. పోనీ. రేపు నీళ్ళ బుడ్డి దగ్గర మళ్ళీ కలుస్తారు. కూలి తగ్గించిన మేస్త్రికి "దేవుడు చూసుకుంటాడు" అని వదిలెయ్యకు, లెక్క అడుగు. అది కూడా తోటివాళ్ళు చూస్తారు.

ఉత్తరం రాసిపెట్టిన మనవడికి: దస్తూరి గుండ్రంగా బాగుంది నాయనా. కానీ అవ్వ చెప్పినదాంట్లో సగం ఎగరగొట్టావని నా అనుమానం. కోతలు లేని రోజు చూసి, ఆవిడ సాక్ష్యం మొదట్నుంచి ఆవిడ మాటల్లోనే రాసి పంపు. తప్పులు దిద్దకు. వచ్చే నెల వేస్తాం.